అమ్మ ఎక్కేందుకు మెట్టు

ప్రశ్న: మాది ఇసుజు వి-క్రాస్ పికప్ బండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కలేకపోతోంది. గుండ్రటి పైపు మెట్టు వెల్డింగ్ చేయించమంటున్నారు. మంచిదేనా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: వెల్డింగ్ మాత్రం వద్దండీ. ఆ వేడికి తుప్పు పట్టకుండా వేసిన పూత కాలిపోతుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది. పక్కనుండే వైర్లకూ ప్రమాదమే.

గుండ్రటి పైపు చూడ్డానికి బాగుంటుంది గానీ తడి చెప్పుతో జారుతుంది. అమ్మగారికి పాదం గట్టిగా ఆనాలి. కనీసం ఐదంగుళాల వెడల్పు, గరుకు పైభాగం ఉన్న పలక మెట్టు తీసుకోండి. మీ మోడల్‌కే చేసినదైతే బండి కింద కంపెనీ ఇచ్చిన రంధ్రాల్లోనే బిగుస్తుంది. కొత్తగా డ్రిల్ చేయనివ్వకండి. మెట్టు మరీ కిందికి దిగితే పొలం గట్లకు తగులుతుంది. బిగించాక మీరే నిలబడి ఊగి చూడండి. వారం తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలి, ఇది చాలామంది మరచిపోతారు.

లోపల పట్టుకునే పిడి కూడా గట్టిగా ఉండాలి. ఎక్కేటప్పుడు కొంత బరువు మోసేది చెయ్యే.

రంధ్రాలు కలవకపోయినా, మెట్టు కదిలినా, కిర్రుమన్నా వాడకం ఆపి సర్వీస్ సెంటర్‌లో చూపించండి.