దాణా నేర్పిన మర్యాద

“గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు” అని మన పెద్దలు సామెత చెప్పుదురు. పనికి వచ్చినను రాకున్నను గుఱ్ఱమును మేపుట తప్పదని దాని భావము. కాని ఆ దాణాయే గుఱ్ఱమునకు మర్యాద నేర్పు సాధనము కాగలదని నేను బాల్యమున కన్నులార చూచితిని.

అశ్వశిక్షణ మన సీమకు క్రొత్త విద్య కాదు. 13వ శతాబ్దమున నెల్లూరు నేలిన మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన సోమయాజి, మహాభారతమును విరాటపర్వము మొదలుకొని తెనిగించెను. అజ్ఞాతవాసమున నకులుడు దామగ్రంథి యను మారుపేరుతో విరాటరాజు గుఱ్ఱములను కాపాడిన కథ ఆ పర్వములోనిదే. నేను చెప్పబోవు కథలో రాజులు లేరు. ఒక ముసలి బండివాడును, ఒక తిండిపోతు గుఱ్ఱమును మాత్రమే కలరు.

1971వ సంవత్సరమున నేను మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మా పల్లె మైపాడు సముద్రతీరమునకు చేరువను, బకింగుహాము కాలువ గట్టున నుండెను. ఆ యూర ఒక వృద్ధుడు జట్కా తోలి జీవించుచుండెను. మేమందఱము ఆయనను సాయబు తాత యని పిలిచెడివారము.

ఆయన ఎఱ్ఱగుఱ్ఱమునకు రెండు లోపము లుండెను. ఏండ్ల తరబడి బండి లాగినందున దాని మెడయు వెన్నును బిగిసిపోయి, ఎడమ ప్రక్కకు తిరుగుట కష్టమయ్యెను. ఇది మొదటిది. తిండి కనబడినచో దానికి లోకము కనబడదు. చేయి, సంచి, చొక్కా యను భేదము లేక నోరు చాచి పైబడెడిది. ఇది రెండవది.

పశువైద్యుడు మొదటి లోపమునకు ఉపాయము చెప్పెను. “ప్రతిదినము కొంతదూరము నడిపించి ఒడలు వెచ్చబడిన పిమ్మట, గుగ్గిళ్ళు చేతబట్టి దాని ముట్టెముందుంచి, మెల్లగా ఇరుప్రక్కలకు త్రిప్పుము. గుఱ్ఱము మెడ చాచి నీ చేతిని వెంబడించును. బిగిసిన కండరములు క్రమముగా సాగును” అనెను.

కాని మొదటి దినముననే గుఱ్ఱము గుగ్గిళ్ళతోపాటు తాత వ్రేళ్ళను కూడ నోట కఱచెను. నెత్తురు కాఱెను. చుట్టుప్రక్కలవారు గుమికూడిరి. ఒకరు “మూతికి చిక్కము కట్టుము” అనిరి. మఱియొకరు “కొరడా తీయుము” అనిరి. “సంతలో అమ్మివేయుము” అని వేఱొకరు సలహా యిచ్చిరి. అమ్మినచో తాత యింట పొయ్యి వెలుగదు. చిక్కము కట్టినచో మెడ సాగు వ్యాయామము జరుగదు. కొరడా మాట వినినప్పుడు తాత తల యడ్డముగా ఊపి, “కొట్టిన చేతివైపు ఏ జంతువు మెడ చాచును?” అని మాత్రము పలికెను.

బాలబాలికలారా! గుఱ్ఱము అట్లు కఱచుట దుర్మార్గము వలన కాదు. దాని శరీరముతో పోల్చిన కడుపు చిన్నది. అందువలన స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱము రేయింబవళ్ళలో అధికభాగము కొంచెము కొంచెముగా మేయుచునే యుండును. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే, మూతిక్రింద నున్న వస్తువు దానికి కనబడదు. పెదవులతోను, మూతిమీది రోమములతోను తడవి తెలిసికొనవలసినదే. ఆకలి తొందరలో అది గుగ్గిళ్ళేవో వ్రేళ్ళేవో ఎట్లు గుర్తించును?

మఱునాటి నుండి తాత వ్యాయామము మాని, ముందు మర్యాద నేర్ప నారంభించెను. వెదురుదడి కీవల నిలిచి, గుగ్గిళ్ళను పిడికిట బిగించి చాచెను. గుఱ్ఱము ఆ పిడికిలిని నాకెను, నెట్టెను, పెదవులతో లాగెను. తాత స్తంభమువలె నిలిచెను. తిట్టలేదు, చేయి వెనుకకు తీయలేదు. కొంతసేపటికి గుఱ్ఱము విసిగి ముఖము ప్రక్కకు త్రిప్పెను. ఆ క్షణముననే తాత “శభాష్” అని, అఱచేయి పలకవలె చాచి గుగ్గిళ్ళు పెట్టెను. ఇట్లు పలుమాఱులు జరిగెను. నాలుగైదు దినములలో గుఱ్ఱము పిడికిలిని చూచినంతనే మెడ నిటారుగా నిలిపి వేచియుండ సాగెను. తాత మొదట ఒకటి లెక్కించునంత సేపును, తరువాత అయిదు లెక్కించునంత సేపును ఆగి పెట్టెడివాడు. మీదపడినచో తిండి రాదనియు, ఓపికపట్టినచో వచ్చుననియు దానికి బోధపడెను.

పిమ్మట తాత ఒక వెదురుకఱ్ఱ కొనకు కొబ్బరిచిప్ప కట్టెను. గుఱ్ఱము చిప్పను ముక్కుతో తాకినచో “శభాష్”, వెంటనే దాణా. ఆ చిప్పను మెల్లమెల్లగా భుజము దగ్గఱకు, ప్రక్కయెముకల దగ్గఱకు, ముంగాళ్ళ నడుమకు జరుపుచు వచ్చెను. కాళ్ళు కదల్పక ఎంతవఱకు మెడ చాపగలదో అంతవఱకే చాపనిచ్చెను, ఒక్కమాఱైనను లాగలేదు. కుడివైపున ఎన్నిమాఱులో ఎడమవైపునను అన్నిమాఱులే. కడపట రెండు చేతులును తెఱచి చూపి “చాలు” అనెడివాడు. ఆ గుగ్గిళ్ళను కూడ దినపు దాణాలోనుండియే మినహాయించెడివాడు.

ఇంతలో నేనొక తప్పు చేసితిని. ఒక సాయంకాలము గుఱ్ఱము నా జేబును ముట్టెతో పొడిచెను. జేబులో బెల్లపు ముక్క యుండెను. నాకు ముచ్చట కలిగి పెట్టితిని. మఱునాడును అట్లే చేసితిని. మూడవనాడు అది నా చొక్కాను చింపెను. అంతటితో ఆగక తాత చేతిపైకిని ఎగబడెను. పది దినముల శ్రమ నీటిపాలయ్యెను. నేను ఏడ్చుచు నిజము చెప్పితిని.

తాత నన్ను కోపింపలేదు. “అబ్బాయీ! గుఱ్ఱముది తప్పు కాదు. నా చేయి ఒక పాఠము చెప్పినది, నీ చేయి మఱియొకటి చెప్పినది. పాప మది దేనిని నేర్చుకొనును? రేపు నీవే పిడికిలి పట్టుము” అనెను.

మఱునాడు నేను దడి కీవల నిలిచితిని. తాత నా వెనుకనే యుండెను. గుఱ్ఱము నా పిడికిలిని నెట్టినప్పుడు చేయి వణకెను. పెట్టివేయుదమా యని రెండుమూడు మాఱులు తోచెను. తుదకు అది ముఖము త్రిప్పెను. “శభాష్” అంటిని. ఆ మాట గుఱ్ఱమునకో నాకో నే నెఱుగను.

కొన్ని నెలలకు ఆ గుఱ్ఱము ఎడమ డొక్కపై వ్రాలిన ఈగలను తన మూతితోనే తోలుకొనుట చూచితిమి. కాలువగట్టు మలుపున బండి తడబడక తిరిగెను. తాత ప్రక్కన నుండగా పసిపిల్లలు సైతము అఱచేతితో దానికి గరిక పెట్టిరి.

తరువాత నేను ఉపాధ్యాయుడనై, ఇట్టి సంగతులు గ్రంథములందు చదివితిని. జర్మనీలో 1904 ప్రాంతమున హాన్స్ అను గుఱ్ఱము లెక్కలు చేయునని ప్రసిద్ధి కెక్కెను. అది లెక్కించుట లేదనియు, ఎదుటివారి తలయొక్క అతిసూక్ష్మమైన కదలికలను చూచి డెక్క తట్టుట ఆపుచున్నదనియు 1907లో ఫంగ్‌స్ట్ అను పరిశోధకుడు నిరూపించెను. గుఱ్ఱము మనలను అంత శ్రద్ధగా గమనించును! 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఎనిమిది గుఱ్ఱములచే మూడు నెలలపాటు, వారమున అయిదు దినములు, తిండిని వెంబడించి మెడ చాపు వ్యాయామము చేయించిరి. వాటి వెన్నెముకను అంటియుండు కండరములు బలిసినవి. మా యూరి పశువైద్యుడు చెప్పిన వ్యాయామమును ఇట్టిదే.

ఆశ పడుట జీవులకు సహజము. తాత తన గుఱ్ఱము ఆశను చంపలేదు. దానికి వేచియుండుట నేర్పెను. అందులకు ముందు ఆయన చేయి వేచియుండ నేర్చెను. ముప్పదియేండ్లకు పైగా బడిలో నిలిచినప్పుడెల్ల, తొందరపడి నోరు జాఱబోవు వేళ, నాకు ఆ బిగించిన పిడికిలియు, మెల్లగా ప్రక్కకు తిరిగిన ఆ యెఱ్ఱని ముఖమును జ్ఞప్తికి వచ్చెడివి.