మిద్దె ఇల్లు

కర్నూలు, కడప ప్రాంతాలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడి మిద్దె ఇల్లు ఈ రెండింటినీ ఎరిగి కట్టినది. మందమైన రాతిగోడలపై దూలాలు, దంతెలు అమర్చి, బండలు గాని కట్టెలు గాని పరచి, పైన మట్టి, చౌడు వేసేవారు. చౌడు నీటిని ఇంకనీయదు. వానలకు ముందు దానిని మళ్లీ పరచకపోతే మిద్దె కురిసేది. నేలపై నాపరాళ్లు పరిచేవారు.

ఇంటికి కిటికీలు తక్కువ. అందువలన పైకప్పులో గవాక్షి ఉంచేవారు. వెలుతురు దిగడానికీ, వంటింటి పొగ పోవడానికీ అదే దారి. వాన వస్తే దానిపై బండ మూసేవారు. ‘గవాక్షం’ అనగా ఆవు కన్ను. కావ్యాలలోని మేడల కిటికీకి గల పేరే ఇక్కడ రైతు ఇంటి కప్పుకు దక్కింది.

రాత్రివేళ గోడగూటిలో ఆముదపు ప్రమిద, తరువాతి కాలంలో కిరోసిన్ బుడ్డి వెలిగేవి. ఐర్లండు పల్లెలలోనైతే చిత్తడినేలలో పెరిగే గడ్డి ఊచను కొవ్వులో తడిపి వెలిగించేవారు. ఇంటి సామాను కొద్దిదే: నులకమంచం, ఉట్టి, రోలు, తిరగలి, ధాన్యపు గాదె.

సిమెంటు కప్పు వచ్చాక చౌడు మోసే శ్రమ తప్పింది. వేసవి మధ్యాహ్నపు చల్లదనమూ తప్పింది.

అర్థాలు: దంతె = దూలంపై అడ్డంగా వేసే కొయ్య; చౌడు = ఉప్పుమన్ను; కురియు = కారు.

ప్రశ్న: మిద్దె ఇంటిలో గవాక్షి ప్రయోజనాలను వివరించండి.