బంతులు విసిరే యంత్రానికి ఏ మోటారు?

ప్రశ్న: మా అబ్బాయి బ్యాటింగ్ సాధనకు టెన్నిస్ బంతులు విసిరే యంత్రం ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం. పాత మిక్సీ మోటార్లు రెండున్నాయి. పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మిక్సీ మోటార్లు వద్దండి. అవి కొద్ది నిమిషాల పనికే చేసినవి. ఆపకుండా తిప్పితే కాలిపోతాయి. పైగా ఆరుబయట 230 వోల్టుల కరెంటు ప్రమాదం. కారు వైపర్ మోటారుకు బలమున్నా వేగం చాలదు. బంతులు ఒక్కొక్కటిగా అందించడానికి మాత్రం బాగుంటుంది.

ముందు వేగం లెక్క చూడండి. బంతి దాదాపు చక్రం అంచు వేగంతోనే వెళ్తుంది. 20 సెం.మీ. వ్యాసమున్న రెండు చక్రాల మధ్య నుంచి గంటకు 80 కి.మీ. వేగంతో రావాలంటే అవి నిమిషానికి సుమారు 2,100 చుట్లు తిరగాలి. బంతి కొంత జారుతుంది కనుక 2,700 చుట్ల మోటార్లు తీసుకోండి. చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల డీసీ మోటార్లు సరిపోతాయి. చక్రాలు కాస్త బరువుంటే మంచిది. బంతిని తోసే శక్తి వాటిలోనే నిల్వ ఉంటుంది. బంతిని విసిరినప్పుడు తగ్గిన వేగాన్ని తర్వాతి బంతిలోగా మోటారు తిరిగి అందుకుంటే చాలు.

ఒక్కో మోటారుకు విడిగా స్పీడ్ కంట్రోలర్ పెడితే, వేగాల తేడాతో స్పిన్ కూడా వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలపండి. ఫ్యూజు, చక్రాల చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి.