టామీకి పండుగ రోజులు

నిజామాబాద్

తమ్మీ,

డిసెంబర్ 31 నుంచి సంక్రాంతి దాకా టామీ బాధ్యత నీదేనని అమ్మ చెప్పింది. సంతోషం. కానీ కుక్కలకు ఆ రోజులే కష్టకాలం, అందుకే రాస్తున్న.

అన్నిటికన్నా ముందు గేటు, ఎప్పుడూ మూసే ఉంచు. పసుపు తవ్వకం మొదలయ్యే కాలం. కూలీలు, ట్రాక్టర్లు, చుట్టాలు, ఎవరో ఒకరు వస్తూ పోతూనే ఉంటరు. అర్ధరాత్రి పటాకుల మోతకు బెదిరిన కుక్క ఎటు ఉరుకుతున్నదో చూసుకోదు. మన ఊరి మీదికెళ్లే జాతీయ రహదారి పోతది, లారీలు తెల్లవార్లూ ఆగవు. మెడపట్టీ మీద నాన్న ఫోన్ నంబరు రాసిపెట్టు. పొద్దు గూకకముందే బయట తిప్పుకొచ్చి, గొలుసు తీసేసి ఇంట్ల వదులు. కట్టేస్తే బెదిరి గుంజుకుంటది, మెడకు బిగుసుకుంటది.

లోపలి అర్రల పాత బొంత పరిచి, కిటికీలు మూసి, టీవీ పెట్టు. మనకు 20 వేల హెర్ట్జ్‌ల దాకా వినబడితే కుక్కకు 45 వేల దాకా వినబడుతది. చలిల కూడా నాలుక బయటపెట్టి రొప్పుతున్నా, ఊకె ఆవలిస్తున్నా, మూతి నాక్కుంటున్నా అది భయమే. మంచం కిందికి దూరితే దూరనీ, కాళ్లు పట్టి గుంజకు. అట్లాంటప్పుడు దగ్గరికి తీస్తే పిరికిదైతదని మన దగ్గర శానామంది అంటరు. అది నిజం కాదు. నీ పక్కకు వస్తే నిమురు, నెమ్మదిగా మాట్లాడు.

తిండి సంగతి అందరికీ చెప్పు. చాక్లెట్ కేకు, కిస్మిస్, ఉల్లిగడ్డ కూర దానికి విషమే. ఉడికిన కోడి బొక్కలు సూదుల్లెక్క విరిగి పేగుల్ల గుచ్చుకుంటయి.

ఇగ పతంగులు. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లనే నిషేధించింది, అయినా వాడేటోళ్లు వాడుతనే ఉన్నరు. పండుగ తెల్లారి స్లాబు మీద, వాకిట్ల, చెట్ల కింద తెగిపడ్డ దారమంతా ఏరెయ్. పిల్లులు, పిట్టలు కూడా దాంట్లనే చిక్కుతయి. టామీకి కాలు కోసుకుంటే పసుపు నింపకు. పసుపు పండించే ఇంట్ల ఈ మాట ఎవరికీ నచ్చదు, నాకు తెలుసు. కానీ లోతు గాయాన్ని పసుపు కప్పేస్తే లోపల ఏం తెగిందో డాక్టరుకు కనబడదు. శుభ్రమైన బట్టతోని గట్టిగ ఒత్తిపట్టి పశువుల దవాఖానకు తీసుకపో. మనం వేసుకునే నొప్పి గోలీలు అసలే వేయకు. నొప్పిల నిన్నే కరిచి పన్ను దిగితే, సబ్బుతోని 15 నిమిషాలు కడిగి వెంటనే నువ్వు కూడా దవాఖానకు పో. టామీకి టీకా వేయించినం కదా అని ఊకోకు.

నిరుడు టామీ పటాకులకు వణికి రెండు రోజులు తిండి ముట్టలేదన్నవు. ఆ సంగతి ఈ వారమే పశువుల డాక్టరుకు చెప్పు. అట్లాంటి భయానికి ముందే వేసే మందులున్నయి, డాక్టరు చూసి రాసిచ్చేవి. పండుగ పూట డాక్టరు దొరుకుడు కష్టం. ఏం రాసిచ్చిండో ఫోన్ చేసి చెప్పు.

నీ అక్క