ఇంట తెలుగు, బడిలో తమిళం: ఇంగ్లిష్ పరీక్షకు సిద్ధమయ్యేదెలా?

తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్‌ల నడుమ పరుచుకున్న కరిసల్ (నల్లరేగడి) నేలలో, పుదూరు చుట్టుపక్కల పల్లెల్లో, నాయనమ్మతో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, కాలేజీకి వచ్చాకే ఇంగ్లిష్ పుస్తకం పట్టిన పిల్లలు ఎందరో ఉన్నారు. నర్సింగ్ పూర్తిచేసి బ్రిటన్ వెళ్లాలని ఒకరు, ఇంజినీరింగ్ తర్వాత ఆస్ట్రేలియాలో ఎమ్మెస్ చేయాలని మరొకరు కలలు కంటున్నారు. మార్కులున్నాయి, పట్టుదల ఉంది. తీరా ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ, పీటీఈ, టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షల పేర్లు ఎదురయ్యేసరికి ‘మా పల్లెటూరి ఇంగ్లిష్ అక్కడేం పనికొస్తుంది’ అని వెనక్కి తగ్గుతున్నారు.

తగ్గాల్సిన పనిలేదు. ఈ పరీక్షలు దొరల యాస అడగవు. చెప్పదలచింది ఎదుటివారికి స్పష్టంగా చేరుతోందా, విన్నదీ చదివిందీ సరిగ్గా అర్థమవుతోందా అన్నదే చూస్తాయి. మార్కులు దేనికి వేస్తారో నిర్వాహకులే బహిరంగంగా ప్రకటిస్తారు. దాన్ని ముందు చదివి, మీరు వెనకబడిన చోట సాధన చేస్తే సరిపోతుంది. పుదూరు పిల్లలకే కాదు, తెలుగు మీడియంలో చదివిన ఏ ఊరి పిల్లలకైనా వర్తించే మాట ఇది.

ముందు గమ్యం, తర్వాత పరీక్ష

‘ఏ పరీక్ష తేలిక?’ అని అడిగేముందు ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో తేల్చుకోండి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌నైనా, ఓఈటీనైనా ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడడాల్లో 7 చొప్పున, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీలో ఆ మూడింటికీ బి గ్రేడు, రాతకు సి ప్లస్ కావాలి. ఓఈటీ వైద్య రంగంలో ఉన్నవారికోసమే పెట్టిన పరీక్ష. రోగి వివరాలు చదివి మరో వైద్యుడికో నర్సుకో ఉత్తరం రాయాలి, రోగికి ధైర్యం చెబుతున్నట్టు మాట్లాడి చూపాలి. వార్డులో పనిచేసినవారికి ఇవి రోజూ చేసే పనులే.

ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు ఐఈఎల్‌టీఎస్ కనీస స్కోరును 2024 మార్చిలో 5.5 నుంచి 6కు పెంచారు. యూనివర్సిటీలు అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా స్థిరపడదలిచి ఐఈఎల్‌టీఎస్ ఎంచుకుంటే జనరల్ రాయాలి, అకడమిక్ చెల్లదు. టోఫెల్ 2026 జనవరిలో కొత్త రూపంలోకి మారి స్కోరు 1 నుంచి 6 మధ్య ఇస్తోంది కాబట్టి పాత పుస్తకాలు కొనకండి. జర్మనీలో నర్సు ఉద్యోగానికి అడిగేది జర్మన్ భాష. అక్కడికి నర్సుగా వెళ్లేవారు ఇంగ్లిష్ పరీక్ష మీద డబ్బు పెట్టి ప్రయోజనం లేదు.

ఐఈఎల్‌టీఎస్ స్కోరును మామూలుగా రెండేళ్ల వరకే లెక్కలోకి తీసుకుంటారు. చదువు ముగియడానికి చాలా ముందే రాసేస్తే అవసరానికి గడువు దాటిపోవచ్చు.

ఐఈఎల్‌టీఎస్ స్వరూపం

ఎక్కువమంది రాసేది ఇదే కాబట్టి దీన్నే వివరంగా చూద్దాం.

• లిజనింగ్: సుమారు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు. ఒక్కసారే వినిపిస్తారు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది.

• రీడింగ్: 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏదీ ఖాళీగా వదలకూడదు. లిజనింగ్‌లో, అకడమిక్ రీడింగ్‌లో 40కి 30 సరైతే దాదాపు 7 బ్యాండ్ వస్తుంది.

• రైటింగ్: 60 నిమిషాలు. మొదటిది కనీసం 150 మాటలు, రెండోది 250. రెండోదానికి రెట్టింపు విలువ కాబట్టి దానికి 40 నిమిషాలు కేటాయించండి.

• స్పీకింగ్: 11 నుంచి 14 నిమిషాలు ఎగ్జామినర్‌తో ముఖాముఖి. మధ్య భాగంలో ఒక అంశమిచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడనిస్తారు.

రీడింగ్‌లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ దగ్గర. మీకు తెలిసిన లోకజ్ఞానాన్ని పక్కన పెట్టండి. పాఠంలో ఆ సంగతి ప్రస్తావనకే రాకపోతే, అది నిజమని మీకు తెలిసినా ‘నాట్ గివెన్’ అనే రాయాలి.

మన నాలుక అలవాట్లు

యాస ఉన్నందుకు మార్కులు తగ్గించరు. మాట అర్థంకాకపోతేనే తగ్గుతాయి. అందుకే సరిచేసుకోవలసిన అలవాట్లు కొన్నే.

మొదటిది మాట చివర ‘ఉ’ చేర్చడం. బ్యాంకు, కార్డు, బస్సు అని పలికే అలవాటు ఇంగ్లిష్ వాక్యంలోకీ వచ్చేస్తుంది. దీనివల్ల వినేటప్పుడూ నష్టమే. చివరి హల్లు మీద మన చెవి నిలవదు. ‘టికెట్స్’ అని వినిపిస్తే ‘టికెట్’ అని రాసి మార్కు పోగొట్టుకుంటాం. రెండోది ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’ అని, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అని పలకడం. మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వింటే రెండూ వెంటనే పట్టుబడతాయి.

మీకు కలిసొచ్చేదీ ఒకటుంది. తమిళ లిపిలో ప, బలకు ఒకటే అక్షరం, క, గలకూ ఒకటే. తెలుగు మాట్లాడే ఇంట్లో పెరిగిన మీకు పడి–బడి, కాలి–గాలి తేడా చిన్ననాడే చెవికెక్కింది. ఇంగ్లిష్‌లో ‘పిన్–బిన్’, ‘కోట్–గోట్’ విడదీసి వినడానికి, పలకడానికి ఆ చెవే సాయం చేస్తుంది.

రాతలో పెద్ద చిక్కు ఆర్టికల్స్‌తో. తెలుగులోనూ తమిళంలోనూ అవి లేవు. ‘గవర్నమెంట్ షుడ్ హెల్ప్ ఫార్మర్’ అని రాస్తే చిన్న వాక్యంలోనే రెండు తప్పులు. ‘ద గవర్నమెంట్ షుడ్ హెల్ప్ ఫార్మర్స్’ అని ఉండాలి. ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అనేదీ అంతే, ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’ అంటే చాలు. వ్యాసం ముగించాక చివరి మూడు నిమిషాలు ఆర్టికల్స్, బహువచనాలు, క్రియలు సరిచూడడానికే అట్టేపెట్టండి.

మీ ఊరే మీ ముడిసరుకు

‘మీ ప్రాంతంలో పేరున్న తినుబండారం గురించి చెప్పండి’ అని స్పీకింగ్‌లో అడిగారనుకోండి. పిజ్జా గురించి బట్టీపట్టిన ముక్కలు అప్పజెప్పకండి. బట్టీ జవాబును ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు. కోవిల్‌పట్టి కడలై మిఠాయి ఉండగా వేరే వెతుక్కోవడమెందుకు? దొరికిన నిమిషంలో కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి: పల్లీలు, బెల్లం, 2020, మొదటిసారి. ఇక మాట్లాడండి. అది దేనితో చేస్తారు, పాకం ఎలా పడతారు, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరివాళ్లు ఏమనుకున్నారు, మీకు మొదట ఎవరు కొనిపెట్టారు. ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాలు చెప్పినా రెండు నిమిషాలు నిండుతాయి. మీకు తెలిసిన సంగతి కనుక తడుముకోరు, భూతకాలం, వర్తమానకాలం రెండూ సహజంగా వస్తాయి.

వ్యాసాలకూ ఇదే పద్ధతి. ‘యంత్రాలు మనుషుల పనిని లాక్కుంటున్నాయా?’ అంటే సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమ మీ కళ్లముందే ఉంది. చేతిపని చోట యంత్రం వచ్చాక ఆడవాళ్ల ఉపాధి ఏమైందో మీరు రాస్తే అది అరువు తెచ్చుకున్న వాదన కాదు. నీటి కొరత అంటే వాననే నమ్ముకున్న మీ నల్లరేగడి చేలున్నాయి.

మాటలు పోగేయడం: కి.రా. దారి

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ బడిలో చదివింది కొద్దే. చుట్టూ ఉన్న జనం నోటి నుంచి తమిళం విని, పోగేసి, కరిసల్ సీమ మాటలకు ఒక నిఘంటువే కూర్చారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఇంటిభాష కాని భాషలో అంత ఎత్తుకు ఎదిగిన మనిషి మీ పక్క ఊరివాడే.

ఆయనలా మీరూ మాటను సందర్భంతో సహా పట్టుకోండి. ‘ఎఫెక్ట్’ అని రాసుకుని పక్కన అర్థం రాస్తే వాడేటప్పుడు తడబడతారు. ‘హ్యావ్ ఏన్ ఎఫెక్ట్ ఆన్’ అని జతగా రాసి, మీ ఊరి సంగతితో ఒక వాక్యం కట్టండి. రోజుకు అయిదు చాలు.

నాలుగు నెలల ప్రణాళిక

మొదటి రెండు వారాల్లో అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే నమూనా పరీక్ష పూర్తిగా రాసి, ఏ విభాగంలో ఎంత వెనకబడ్డారో చూసుకోండి. తర్వాతి ఆరు వారాలు పునాదికి. రోజూ బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ ఒక భాగం విని, అందులో ఒక నిమిషం మాటలను ఆపి ఆపి కాగితం మీద పెట్టండి. ‘ది హిందూ’లో ఒక వ్యాసం చదివి నాలుగు వాక్యాల్లో సారాంశం రాయండి. ఆ తర్వాత నాలుగు వారాలు గడియారం పెట్టుకుని విభాగాలవారీగా, చివరి నాలుగు వారాలు వారానికో పూర్తి పరీక్ష. రాసినదాన్ని ఇంగ్లిష్ బాగా వచ్చిన ఉపాధ్యాయులకో సీనియర్‌కో తప్పక చూపించండి. ఎవరూ దిద్దకపోతే చేసిన తప్పే మళ్లీ మళ్లీ చేస్తాం. మాట్లాడే సాధనకు ఒక స్నేహితుణ్ని జత చేసుకుంటే ఖర్చే లేదు.

డబ్బు విషయంలో జాగ్రత్త

ఐఈఎల్‌టీఎస్ ఫీజు 18,000 రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. నమూనా పరీక్షల్లో కావలసిన స్కోరు వరసగా వస్తున్నప్పుడే తేదీ తీసుకోండి. పాస్‌పోర్టు లేనిదే పరీక్ష రాయనివ్వరు, దానికి ముందే దరఖాస్తు చేయండి. కంప్యూటర్ మీద రాసినవారికి ఒక్క విభాగంలోనే స్కోరు తగ్గితే, 60 రోజుల్లోపు అదొక్కటే మళ్లీ రాసే వీలుంది. అయితే మీరు వెళ్లదలచిన సంస్థ ఆ స్కోరును ఒప్పుకుంటుందో లేదో ముందుగా కనుక్కోండి.

‘7 బ్యాండ్ గ్యారంటీ’, ‘పేపర్ ముందే ఇస్తాం’ అనేవారి గడప తొక్కకండి. విదేశీ ఉద్యోగాలకు చెన్నైలో తమిళనాడు ప్రభుత్వ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉంది, తెలంగాణవారికి టామ్‌కామ్ ఉంది. ప్రైవేటు ఏజెంటైతే కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరయ్యారో లేదో చూడండి.

ఈ వారమే మూడు పనులు చేయండి. వెళ్లదలచిన దేశం, కోర్సు లేదా ఉద్యోగం అడిగే స్కోరును దాని అధికారిక వెబ్‌సైట్‌లో చూసి రాసుకోండి. ఒక నమూనా పరీక్ష రాయండి. రెండింటి మధ్య తేడా ఏ విభాగంలో ఎక్కువుందో గుర్తించి, రేపటి నుంచి రోజులో మొదటి గంట దానికే ఇవ్వండి. రెండు భాషలతో పెరిగిన మీకు మూడోది సాధనతో తప్పక పట్టుబడుతుంది.