సైబీరియా దాకా అక్కర్లేదు

ఉద్దానం తోటల్లోనూ, సముద్రపు ఒడ్డునా తిరుగుతూ ముసలివాణ్ణయ్యాను. మన సిక్కోలు (శ్రీకాకుళం జిల్లా) ప్రాణులను చూసి నేర్చుకున్న సంగతులు కొన్ని మనవల కోసం రాసిపెడుతున్నాను.

1. నిజం చెబితే వింత తగ్గిపోదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీదికి ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. వాటిని సైబీరియా పక్షులనడం మనకు అలవాటు. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా పక్షులే, సైబీరియాలో గూడు కట్టవు. ఈ మాట చెబితే కొందరి మొహం చిన్నబోతుంది. ఎందుకు చిన్నబోవాలి? ఎర్రకాళ్ళ కొంగ బురదనీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, కాలితో అడుగు కెలుకుతూ నడుస్తుంది. చేప కంటికి కనబడనక్కర్లేదు, ముక్కుకు తగిలితే చాలు, ఠక్కున మూసేస్తుంది. గూడబాతు పిల్ల తిండి కోసం తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చేస్తుంది. ఇంత వింత మన చెట్ల మీదే ఉండగా ఎక్కడి సైబీరియా!

2. చూడగానే తోచిన కారణం దగ్గర ఆగిపోకండి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరి వేళ నత్తగుల్ల కొంగలు వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. అడకత్తెరలో వక్కలా ఆ సందులో నత్తను పెట్టి పగలగొడుతుందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే అనుకున్నారు. ఓపిగ్గా గమనించినవాళ్ళకు కనబడింది వేరు. అది గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు కొనను మూత పక్కగా లోపలికి పోనిచ్చి, కండ తెంపి, నత్తను బయటికి లాగుతుంది. ఇంకో సంగతి, పిల్లకొంగ ముక్కుకు సందే ఉండదు, పెద్దయ్యాక ఏర్పడుతుంది. సందు ఏర్పడకముందే అది నత్తలు తింటుంది. మరి ఆ సందు దేనికి? ఈ ప్రశ్న పిల్లలకు ఇవ్వండి, జవాబు తొందరపడి ఇవ్వకండి.

3. కొంగను చూసినప్పుడు దాని కాళ్ళ కింది నేలనూ చూడండి.

సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జనం కొట్లాడారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వాళ్ళు అడిగింది తమ పంట, తమ చేప, తమ నీరు. కొంగ బతుకూ ఆ నీటిలోనే ఉంది.

4. జాలిపడటం మంచిదే, కానీ తెలుసుకుని జాలిపడండి.

జనవరి నుంచి రాత్రిపూట బారువ, భావనపాడు, కళింగపట్నం ఇసుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఎక్కుతాయి. తల్లి వెనక కాళ్ళతో గుంట తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను అణగ్గొడుతుంది. అప్పుడు కంట నీరు కారుతుంది. “ఓలమ్మా, పిల్లల్ని ఒగ్గేసి ఎల్లలేక ఏడస్తంది” అంటారు మా ఆడవాళ్ళు. ఆ నీరు ఒంట్లో చేరిన ఉప్పు బయటికి పోయే దారి. సముద్రంలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటుంది. కారణం తెలిశాక నాకు ఆ తల్లి మీద గౌరవం ఇంకా పెరిగింది. ఉప్పునీళ్ళలోనే బతుకంతా గడిపే ఒంటికి ఎంత ఏర్పాటు!

గుడ్లలో పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, వెలుగు ఎక్కువున్న వైపు పరుగెడతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదే ఉంటుంది. మనం ఒడ్డున ఫ్లడ్‌లైట్లు పెడితే అవి రోడ్డు వైపు వచ్చేస్తాయి.

విష్ణువును కూర్మ రూపంలో కొలిచే శ్రీకూర్మం గుడి మన జిల్లాలోనే ఉంది. ఆ గుడికి దండం పెట్టి, ట్రాలర్ వలలో చిక్కి ఊపిరికి పైకి రాలేక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలును దాటుకుని పోవడం నాకు నచ్చదు. వలలోంచి తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న పరికరం ఎప్పుడో వచ్చింది. దాన్ని బిగించండి, అదీ పూజే.

5. భయమూ వింతలో భాగమే.

ఉద్దానం జీడితోటల ఎలుగుకు పైదవడ ముందు పళ్ళు రెండు ఉండవు. ముక్కు రంధ్రాలు మూసుకుని, ఆ సందులోంచి పుట్టలోని చెదలను జుర్రుతుంది. ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది. చూడముచ్చటే. కానీ తిండిలో పడితే మనిషి అలికిడి దానికి వినబడదు. దగ్గరకు పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది. 2018 తిత్లీ తుపానుకు తోటలు కూలాక అటు మనుషుల బతుకూ, ఇటు దాని నీడా రెండూ పలచబడ్డాయి. జీడిపళ్ళు రాలే రోజుల్లో తెల్లవారకముందు, పొద్దుగూకాక తోటకు ఒంటరిగా పోకండి. తప్పనిసరైతే గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. పిల్లలున్న తల్లి కనబడితే ఫోను జేబులోనే ఉంచి, వచ్చిన దారినే వెనక్కి రండి.