సెవిల్ నగరంలో మన నారింజ

పిల్లలూ! ఈసారి మన పాఠం పటం దగ్గర మొదలవుతుంది. ఐరోపా పటంలో నైరుతి మూలకు చూడండి. అక్కడ స్పెయిన్ దేశం ఉంది. దాని దక్షిణ భాగంలో, గ్వాదల్‌కివీర్ నది ఒడ్డున సెవిల్ నగరం కనిపిస్తుంది. ఈ ఊరిని రోమన్లు 'హిస్పాలిస్' అన్నారు, అరబ్బులు 'ఇష్బీలియా' అన్నారు, నేటి స్పెయిన్ ప్రజలు 'సెవీయా' అంటున్నారు. పాలకులు మారినప్పుడల్లా పలికే తీరు మారింది కానీ పాత పేరు పూర్తిగా చెరిగిపోలేదు. నది పేరు కూడా అంతే. అరబ్బీలో 'వాది అల్ కబీర్' అంటే పెద్ద నది. అదే గ్వాదల్‌కివీర్ అయింది.

ఈ నగరంలోని కథీడ్రల్ చర్చి, అల్కాసర్ రాజభవనం, ఇండీస్ పత్రాగారం పక్కపక్కనే ఉంటాయి. 1987లో యునెస్కో ఈ మూడింటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని ఒకసారి చుట్టివద్దాం.

మీనారు గంటల గోపురమైంది

కథీడ్రల్ పక్కనున్న ఎత్తైన గోపురం పేరు హిరాల్దా. 12వ శతాబ్దం చివర ముస్లిం పాలకులు దీన్ని మసీదు మీనారుగా కట్టించారు. లోపల చాలావరకు మెట్లకు బదులు 35 వాలుదారులు ఉన్నాయి. వాటి మీదుగా అప్పట్లో గుర్రమెక్కి కూడా పైకి వెళ్లగలిగేవారు.

1248లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో నగరాన్ని గెలిచాడు. మసీదే చర్చి అయింది. 1401లో దాన్ని తీసేసి కొత్త చర్చి కట్టాలని నిర్ణయించారు. సుమారు వందేళ్లకు లేచిన ఆ కట్టడం గోథిక్ శైలి చర్చిలన్నింటిలోకీ పెద్దది. మసీదు పోయినా మీనారును కూల్చలేదు. 16వ శతాబ్దంలో దాని మీద గంటల అంతస్తులు కట్టారు. ఇప్పుడు ఎత్తు వంద మీటర్లు దాటింది. కింద ఇటుక పని ఒకరిది, పైన గంటలు మరొకరివి.

మసీదులో ప్రార్థనకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే ప్రాంగణం కూడా మిగిలింది. అక్కడ వరుసగా నారింజ చెట్లు ఉంటాయి. స్పానిష్‌లో ఆ పండు పేరు 'నరంహ'. మన 'నారింజ'కు ఎంత దగ్గరగా ఉందో చూడండి! సంస్కృతంలో 'నారంగ', పారసీకంలో 'నారంగ్', అరబ్బీలో 'నారంజ్' అవుతూ ఆ మాట స్పెయిన్ చేరింది. సంస్కృతానికి అది ద్రావిడ భాషల నుంచే వచ్చి ఉంటుందని చాలామంది భాషా పండితుల అభిప్రాయం. 'చక్కెర'దీ అదే దారి. సంస్కృత 'శర్కర' అరబ్బీలో 'సుక్కర్' అయింది, స్పానిష్‌లో 'అసూకర్' అయింది.

ఒకే గోడ మీద రెండు లిపులు

ఇక అల్కాసర్‌కు వెళ్దాం. ఇక్కడి ముఖ్య భవనాన్ని 1364 ప్రాంతంలో క్రైస్తవ రాజు పేద్రో కట్టించాడు. కానీ పనిచేసినవారిలో గ్రనడా నుంచి వచ్చిన ముస్లిం శిల్పులున్నారు. గచ్చు మీద తీగల అల్లికలు, రంగు పలకల గోడలు, నీటి కాలువల ప్రాంగణాలు వారి చేతి పనితనం. ముఖద్వారం మీద పేద్రోను కీర్తించే స్పానిష్ అక్షరాలున్నాయి. వాటి మధ్యనే దేవుణ్ని మించిన విజేత లేడని చెప్పే అరబ్బీ అక్షరాలున్నాయి. ఈ కలగలుపు శైలిని 'ముదేహర్' అంటారు.

ఇదంతా చూసి ఇక్కడ అందరూ ఎప్పుడూ కలిసిమెలిసి బతికారని అనుకుంటే పొరపాటే. అల్కాసర్ పక్కనున్న సాంతా క్రూస్ పేట ఒకప్పుడు యూదుల వాడ. 1391లో అల్లరి మూకలు దాని మీద పడి ఎందరినో చంపాయి. ప్రార్థనా మందిరాలు చర్చిలయ్యాయి. అందమైన గోడను చూసేటప్పుడు ఈ సంగతీ గుర్తుండాలి.

మనం కొత్త క్వార్టర్‌లో దిగినప్పుడు గోడకు పాత మేకులు, తలుపు మీద ఎవరో పిల్లల ఎత్తు కొలిచిన గీతలు కనిపిస్తాయి. కొన్నింటిని చెరిపేస్తాం, కొన్నింటిని అలాగే ఉంచి వాడుకుంటాం. సెవిల్ కూడా ఆ రెండూ చేసింది.

ఇండియా కోసం బయలుదేరిన ఓడలు

కథీడ్రల్‌లో కొలంబస్ సమాధి ఉంది. నాలుగు రాజ్యాలకు ప్రతీకలైన నాలుగు విగ్రహాలు శవపేటికను మోస్తుంటాయి. ఆయన వెతికింది మన వైపు వచ్చే సముద్ర మార్గం, చేరింది అమెరికా దీవులకు. అందుకే ఆ ప్రాంతాలకు 'ఇండీస్' అనే పేరు నిలిచింది. 1503 నుంచి ఆ వ్యాపారమంతా సెవిల్ అదుపులో సాగింది. నగరానికి వెండి బంగారాలు వచ్చాయి. అక్కడి మూలవాసులకు మాత్రం రోగాలు, బానిసత్వం దక్కాయి. ఆనాటి లెక్కలు, ఉత్తరాలు, పటాలు 1785లో ఏర్పడిన ఇండీస్ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి.

మిరప పుట్టిల్లు కూడా అమెరికాయే. పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరానికి తెచ్చాయి. ఆ ప్రయాణాలు లేకపోతే మన ఆవకాయకు ఆ ఎరుపు ఉండేది కాదు.

చేసి చూద్దాం

1. ఇప్పుడు మీరున్న ఊరికి పాత పేర్లేమిటి? ఎవరు పెట్టారు? పెద్దవాళ్లను అడిగి రాయండి.
2. 'నారింజ', 'చక్కెర' అనే మాటలను మీ తరగతిలోని వేర్వేరు భాషలవాళ్లు ఎలా పలుకుతారో పట్టిక వేయండి. తెలుగు మాటను తెలుగు లిపిలోనే రాయండి.
3. ఒకరు కట్టగా మరొకరు మార్చి వాడుకుంటున్న కట్టడం మీ ఊళ్లో ఉందా? అందులో ఏది మిగిలింది, ఏది పోయింది? పది వాక్యాల్లో రాయండి.